కృష్ణబిలం – లోకాంతర కల్పన: తెలుగు కావ్యాల్లో బిలప్రవేశ ఘట్టాల పరిశీలన

ఓరుగల్లు నగరంలోని కాశిబుగ్గ పేరు రెండు మాటల కూడిక. బుగ్గ అంటే నేలను చీల్చుకొని ఉబికే ఊట. కాశి ఎక్కడో గంగ ఒడ్డున ఉంది. ఊట కాలి కింద ఉంది. ఈ రెండింటినీ ఒకే పేరులో కలిపేసరికి నడుమ కంటికి కనిపించని దారి ఒకటి ఉండితీరాలన్న ఊహ వినేవారి మనసులో దానంతటదే ఏర్పడుతుంది. ఈ పేరు ఒక్క ఓరుగల్లుకే పరిమితం కాదు. పలాసను ఆనుకొని ఒక కాశీబుగ్గ ఉంది. హైదరాబాదు కిషన్‌బాగ్‌లో ఇదే పేరుతో శివాలయం ఉంది. తాడిపత్రిలో శివుడు బుగ్గ రామలింగేశ్వరుడు. ఒకచోట మునిగిన నీరు మరోచోట తేలుతుందన్న ఊహ, దూరాన్ని మింగి రెండు చోట్లను కలిపే అడుగుదారి మీది మక్కువ తెలుగు స్థలనామాల్లో ఇంతగా పాతుకొని ఉన్నాయి.

కృష్ణబిలంలో పడినది మరో విశ్వంలో తేలుతుందా అన్నది భౌతికశాస్త్రంలో 1935 నుంచి ఏదో ఒక రూపంలో నడుస్తున్న ప్రశ్న. తెలుగులో ఈ ప్రశ్న ఒంటరిగా రాదు, పురాణాన్ని వెంటబెట్టుకొని వస్తుంది. ఉపన్యాసాల్లోనూ వ్యాసాల్లోనూ గజేంద్రమోక్షంలోని 'పెంజీకటి'ని కృష్ణబిలంగా, దాని ఆవల వెలిగేవాని చోటును మరో విశ్వంగా అన్వయించడం పరిపాటి అయింది. ఆ పద్యం చెప్పిన కవి ఊరుగా ప్రసిద్ధమైన బమ్మెర ఓరుగల్లు సీమలోనిదే కావడంతో ఈ ప్రాంతంలో ఆ అన్వయానికి ప్రాంతాభిమానం కూడా తోడవుతుంది. ఈ అన్వయం శాస్త్రానికి చేసే అన్యాయాన్ని శాస్త్రజ్ఞులు చెప్పగలరు. కావ్యానికి చేసే అన్యాయాన్ని చెప్పవలసింది సాహిత్య విమర్శే. అయితే పోలికను మొత్తంగా తోసిపుచ్చడమూ తొందరపాటే. తెలుగు కావ్యంలో బిలం వట్టి గొయ్యి కాదు, దానికొక కథన ధర్మం ఉంది. ఆ ధర్మాన్ని గుర్తిస్తే పోలిక ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ తెగిపోతుందో కనిపిస్తుంది.

పేరు చేసిన పని

కృష్ణబిలం అన్న మాటకు మూలమైన ఆంగ్ల పదాన్ని ప్రచారంలోకి తెచ్చినవాడు అమెరికన్ భౌతికశాస్త్రజ్ఞుడు జాన్ వీలర్, 1967లో. అంతకుముందు అదే వస్తువును కూలిన నక్షత్రమని, గడ్డకట్టిన నక్షత్రమని అనేవారు. దూరం నుంచి చూసేవారికి కూలుతున్న నక్షత్రం ఒక హద్దు దగ్గర కాలం ఆగిపోయినట్టు, కదలిక లేక నిలిచిపోయినట్టు కనబడాలి గనుక రెండో పేరు వచ్చింది. ఆ పేరే నిలిచి ఉంటే, గడ్డకట్టిన నక్షత్రం ఎక్కడికి దారితీస్తుందని ఎవరూ అడిగి ఉండేవారు కాదు. రాయి ఎక్కడికీ దారితీయదు. బిలం అనగానే దానికొక లోపల, ఒక చివర, ఆ చివరన ఒక వెలుపల ఏర్పడ్డాయి.

తెలుగు ఈ మాటను కృష్ణబిలం, కాలబిలం, కర్రిబిలం, నల్లరంధ్రం అని పలు తీరుల తెచ్చుకుంది. వీటిలో నల్లరంధ్రం ఒక్కటే ఏ కథనూ గుర్తుచేయని మాట. కాల శబ్దానికి నలుపు, సమయం, మృత్యువు అన్న మూడర్థాలూ ఉన్నాయి. కృష్ణ శబ్దం సంగతి చెప్పనక్కరలేదు. బిలం అన్న మాట వెనుక రామాయణ భారతాల నుంచి జానపద చలనచిత్రాల దాకా పరచుకున్న పాతాళ ప్రవేశాల పరంపర ఉంది. పారిభాషిక పదం కట్టేవారు అర్థాన్ని చూస్తారు. వాడేవారికి ఆ అర్థంతోపాటు కథ కూడా అందుతుంది. ఇక్కడ అందిన కథ శాస్త్రం ఇచ్చిన సమాచారానికి ఒకచోట నేరుగా ఎదురుపడుతుంది. కృష్ణబిలం కన్నం కాదు. అది ద్రవ్యరాశి. సూర్యుడంత ద్రవ్యరాశి 3 కిలోమీటర్ల వ్యాసార్ధంలోకి, భూమి అంత ద్రవ్యరాశి 9 మిల్లీమీటర్లలోకి ఒదిగితే ఏర్పడే స్థితి. సూర్యుని స్థానంలో అంతే ద్రవ్యరాశిగల కృష్ణబిలాన్ని ఉంచితే భూమి చీకట్లో గడ్డకడుతుందే తప్ప అందులోకి జారిపోదు. ఇప్పుడు తిరిగే కక్ష్యలోనే తిరుగుతుంది.

బిలంలోకి వెళ్లినవారు

నన్నయ ఆదిపర్వంలోని ఉదంకోపాఖ్యానం తెలుగు కావ్యంలో బిలప్రవేశానికి తొలి ఉదాహరణల్లో ఒకటి. గురుపత్ని కోరిన కుండలాలను తక్షకుడు అపహరించి బిలంలో దూరుతాడు. ఉదంకుడు వెంటపడి నాగలోకం చేరుతాడు. అక్కడ అతనికి కనిపించినవి తెల్లని, నల్లని దారాలతో నేసే స్త్రీలు, ఆరుగురు కుమారులు తిప్పే పన్నెండు ఆకుల చక్రం. పగలు, రేయి, ఋతువులు, సంవత్సరం అన్నమాట. బిలం అడుగున దొరికింది ధనమో కన్యో కాదు, కాలం నేత పని. ఈ కల్పన గొప్పతనం అంగీకరించవలసిందే. కానీ ఆ చక్రం చూపుతున్నది పైలోకపు కాలాన్నే. నాగలోకానికి వేరే పంచాంగం లేదు. గడువులోగా కుండలాలు అందించాలన్న తొందర ఉదంకుణ్ణి అక్కడా వదలదు. గుర్రం ఎక్కి వేళకు చేరుకుంటాడు.

కేతన దశకుమారచరిత్రలో బిలం పని వేరు. మాతంగుడనే విప్రునికి తోడుగా రాజవాహనుడు మిత్రులకు చెప్పకుండా బిలమార్గాన రసాతలానికి వెళతాడు. మాతంగుడు అక్కడ అసురకన్యను పెండ్లాడి ఉండిపోతాడు. రాజవాహనుడు ఆకలిదప్పులను పోగొట్టే మణితో తిరిగి వచ్చేసరికి మిత్రులు అతన్ని వెతుకుతూ తలా ఒక దిక్కుకూ వెళ్లిపోయి ఉంటారు. వారంతా మళ్లీ కలిసి చెప్పుకొన్న అనుభవాలే కావ్యం. అంటే ఇక్కడ బిలంలో జరిగిన దానికన్నా బిలం బయట ఏర్పడిన లోటు ముఖ్యం. పాతాళ వర్ణనను కథ త్వరగా దాటివేయడం లోపంగా తోచవచ్చు గాని, దృష్టి వెలుపలి మీద ఉన్నప్పుడు అది సహజమే.

ఈ రెండింటికన్నా కృష్ణబిలంతో పోల్చదగిన ఘట్టం కిష్కింధాకాండలోని ఋక్షబిలం. పెంజీకటిని పదేపదే ఉదాహరించేవారు దీన్ని దాదాపుగా పట్టించుకోకపోవడం ఆశ్చర్యం. రంగనాథ రామాయణం, భాస్కర రామాయణం ఈ కథను తెలుగు చేశాయి. భాస్కర రామాయణ కిష్కింధాకాండ కర్త మల్లికార్జునభట్టు. ఆ కావ్యాన్ని అంకితం పొందిన సాహిణి మారన కాకతీయ ప్రతాపరుద్రుని అశ్వసేనాని. కాబట్టి ప్రాంతాభిమానంతో వెతికేవారికి కూడా ఇది ఓరుగల్లుకు దూరమైనది కాదు.

కథ తెలిసినదే అయినా క్రమాన్ని గమనించాలి. సీతను వెతుకుతూ దక్షిణానికి వచ్చిన వానరులు దప్పికతో అలమటిస్తారు. ఒక బిలం నుంచి తడి రెక్కలతో పక్షులు వెలుపలికి వస్తాయి. లోపల నీరుండాలని హనుమంతుడు ఊహిస్తాడు. బిలం లోపలిది ఎవరికీ కనబడదు. వెలుపలికి వచ్చిన దాన్ని చూసి లోపలి దాన్ని ఊహించడమే దారి. ఒకరి చేయి ఒకరు పట్టుకొని కటికచీకటిలో యోజనం దూరం నడిచాక వెలుగు, బంగారు చెట్లు, మయుడు కట్టిన భవనాలు, తాపసి స్వయంప్రభ కనిపిస్తాయి. ఇక్కడికి వచ్చినవారు ప్రాణాలతో తిరిగిపోవడం దుష్కరమని ఆమె చెబుతుంది. లోపలికి రావడానికి ఏ అడ్డూ లేదు, బయటికి పోవడానికే దారి లేదు. కృష్ణబిలం హద్దుకు శాస్త్రం చెప్పే లక్షణమూ ఇదే. మహాద్రవ్యరాశిగల కృష్ణబిలం హద్దును దాటేవానికి ఆ క్షణాన ఏ గోడా తగలదు, ఏ గుర్తూ కనబడదు. దాటాక మాత్రం వెనుదిరగడం లేదు. కన్నులు మూసుకోమని స్వయంప్రభ తన తపశ్శక్తితో వానరులను వెలుపలికి చేర్చింది. ఆ తపస్సుకు సమానమైనది భౌతికశాస్త్రంలో ఇంకా దొరకలేదు.

బయటపడిన వానరులకు సుగ్రీవుడు పెట్టిన నెల గడువు దాటిపోయిందని తెలుస్తుంది. దీన్ని చూపి, గురుత్వం వల్ల కాలం నెమ్మదించడం వాల్మీకికి తెలుసునని అనడానికి ఉత్సాహం కలగవచ్చు. కానీ బిలం లోపల కాలం వేరే వేగంతో నడిచిందని వాల్మీకంలో లేదు. లోపల తిరుగుతుండగా గడువు గడిచిపోయిందనే ఉంది. అడవిలో దారితప్పినవాడికీ గడువు అలాగే గడుస్తుంది. నిజంగా రెండు కాలమానాలున్న కథ వేరే ఉంది. భాగవత నవమస్కంధంలో కకుద్మి తన కూతురు రేవతికి తగిన వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకానికి వెళ్లి, గానం ముగిసేదాకా కొద్దిసేపు నిలుచున్నంతలో భూమి మీద 27 చతుర్యుగాలు గడిచిపోతాయి. అయితే ఆ కథలో బిలం లేదు. బిలమున్నచోట కాలభేదం లేదు. కాలభేదమున్నచోట బిలం లేదు. మడికి సింగన తెలుగు చేసిన వాసిష్ఠంలోని లీలోపాఖ్యానంలో ఒక ఇంటి లోపలి ఆకాశంలో మరో రాజ్యం, మరో ఆయుర్దాయం ఉన్నాయి. అక్కడికి చేరడానికి మనసే వాహనం, ఏ కంతా అవసరం లేదు. బిలప్రవేశం, కాలభేదం, బహు బ్రహ్మాండాలు అన్న మూడు పాయలు ఈ పరంపరలో వేరువేరుగా ప్రవహిస్తున్నవి. ఇక్కడ పరిశీలించిన ఘట్టాల్లో ఏ ఒక్కదానిలోనూ మూడూ కలవలేదు. వాటిని ముడివేసినవాడు ఆధునిక పాఠకుడు. ఆ ముడికి వాడిన దారం శాస్త్రం నుంచి తెచ్చుకొన్నది. ఆ తరువాత ముడి పురాణంలోనే ఉందనడం తర్కదోషం.

బయటపడ్డాక జరిగిన చర్చ మరింత ముఖ్యం. శిక్షకు వెరచిన అంగదుడితో తారుడనే వానరుడు, తిరిగి బిలంలోకే పోయి సుఖంగా ఉందామంటాడు. నీరుంది, ఫలాలున్నాయి, ఇంద్రుడు కూడా రాలేడు. హనుమంతుడు ఒప్పుకోడు. లక్ష్మణుని బాణాలకు ఆ బిలం ఆకుదొప్పతో సమానమంటాడు. లోకాంతరం ఆశ్రయంగా అందుబాటులో ఉండగా దాన్ని నిరాకరించి, గడువు మీరిన ఈ లోకంలోనే నిలబడడం ఈ ఘట్టంలోని నైతిక సమస్య. ప్రాయోపవేశం, సంపాతి కలయిక, సముద్రలంఘనం ఆ నిరాకరణ నుంచే పుట్టాయి. ఘట్టాన్ని ఖగోళ సమాచారంగా చదివితే ముందుగా పోయేది ఇదే.

శాస్త్రం చూపే ఆవలి ఒడ్డు

ఐన్‌స్టీన్, రోజెన్ 1935లో ప్రతిపాదించిన వంతెన ప్రయాణానికి ఉద్దేశించినది కాదు. కణాలను అనంత విలువల చిక్కు లేకుండా వర్ణించడానికి వారు చేసిన ప్రయత్నంలో రెండు తలాలను కలిపే గొంతు ఒకటి గణితంలో తేలింది. 1962లో ఫుల్లర్, వీలర్ ఆ గొంతు కాంతి కూడా దాటేలోగా మూసుకుపోతుందని చూపారు. పైగా ఆ రెండో తలం ఎప్పటి నుంచో ఉన్న ఆదర్శ కృష్ణబిలానికే చెందుతుంది. నక్షత్రం కూలి ఏర్పడిన దానిలో ఆ భాగాన్ని నక్షత్ర ద్రవ్యమే ఆక్రమిస్తుంది. తిరిగే కృష్ణబిలానికి 1963లో కెర్ సాధించిన పరిష్కారాన్ని పొడిగిస్తే మరిన్ని ప్రాంతాలు కనబడతాయి గాని, లోపలి హద్దు స్థిరంగా నిలవదని తరువాతి పరిశోధనలు సూచించాయి. 1988లో మోరిస్, థోర్న్ దాటదగిన సొరంగానికి లెక్క కట్టారు. అది తెరుచుకొని ఉండాలంటే రుణశక్తిగల ద్రవ్యం కావాలి. లీ స్మోలిన్ 1992లో ప్రతి కృష్ణబిలమూ కొత్త విశ్వానికి బీజం కావచ్చునని, సంతానంలో పోలికలు మారినట్టు ఆ విశ్వంలో భౌతిక స్థిరాంకాలు కొద్దిగా మారవచ్చునని ఊహించాడు. అది దారి కాదు, పుట్టుక.

హాకింగ్ వైఖరి మారిన తీరు ఈ ప్రశ్న ఎంత తెరిచి ఉందో తెలుపుతుంది. కృష్ణబిలాలు వికిరణం వెలువరిస్తాయని 1974లో చూపిన ఆయన, లోపల పడిన సమాచారం నశిస్తుందని 1976లో వాదించాడు. ఆ సమాచారం మన విశ్వం నుంచి విడివడిన శిశువిశ్వంలోకి పోతుందన్న ఊహను కొంతకాలం మోశాడు. 2004లో డబ్లిన్ సమావేశంలో ఆ ఊహను విడిచిపెట్టి, సమాచారం ఈ విశ్వంలోనే ఉంటుందన్నాడు. 2015లో స్టాక్‌హోమ్‌లో మాత్రం, తగినంత పెద్దదై తిరిగే కృష్ణబిలమైతే మరో విశ్వానికి దారి ఉండవచ్చునని, వెళ్లినవారు తిరిగిరాలేరని అన్నాడు. పరిశీలన వైపు నుంచి ఈ ఊహల్లో ఒక్కదానికీ ఇంతవరకు నిదర్శనం లేదు. 2019 ఏప్రిల్ 10న వెలువడిన తొలి చిత్రం 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎం 87 నక్షత్రమండలపు కృష్ణబిలానిది. సూర్యునికి 650 కోట్ల రెట్లు బరువైన దాని చుట్టూ వెలుగు వలయం, నడుమ నీడ కనిపించాయి. నీడలో ఏముందో చిత్రం చెప్పదు.

చీకటికి ఆవల

ఉదంకుడు చేరిన నాగలోకం, రాజవాహనుడు దిగిన రసాతలం పదునాలుగు లోకాల లెక్కలోనివి. ఆ లోకాలన్నీ ఒకే బ్రహ్మాండంలో ఉన్నాయి. ఋక్షబిలమైతే భూమి మీది వింధ్యప్రాంతానిదే. లోకాంతరం వేరు, విశ్వాంతరం వేరు. ఈ మౌలిక భేదాన్ని పాటించకుండా బిలకథలను విశ్వాంతర ప్రయాణాలుగా చెప్పడం పరిభాషా శైథిల్యం. విశ్వాంతరమన్న మాట కొంతైనా నప్పేది బ్రహ్మాండాలను లెక్కకు మించి చెప్పిన చోటనే. వత్సాపహరణ ఘట్టంలో బ్రహ్మ చేసిన స్తుతి అలాంటిది. అందులో అండాల నుంచి అండాలకు దారులు లేవు.

గజేంద్రుని మాట తీసుకొంటే, ఆ పద్యంలోని చీకటి ఆకాశంలో ఒకచోట ఉన్న వస్తువు కాదు. లోకాలు, లోకేశులు, లోకవాసులు అందరూ లయించాక మిగిలేది. అంటే ప్రళయానంతర స్థితి. దానికి ఆవల ఉన్నది మరో లోకమైతే పద్యం తన మాటను తానే తెంచుకొన్నట్టు. లోకాలు తీరిన తరువాత మళ్లీ లోకం ఎక్కడిది? అంతకన్నా ముఖ్యం, ఆ పద్యం చెబుతున్నది మొసలి నోట చిక్కిన ప్రాణి. అది విశ్వాన్ని వర్ణించడం లేదు, ఎవరిని పిలవాలో వెతుకుతోంది. కొద్ది పద్యాల్లోనే, ఉన్నాడంటారే, నిజంగా ఉన్నాడో లేడో అన్న సందేహం అదే నోట వస్తుంది. నిశ్చయానికి పక్కనే సందేహాన్ని నిలిపిన పోతన ధైర్యాన్ని, పద్యాన్ని శాస్త్రసత్య ప్రకటనగా మార్చే అన్వయం పూర్తిగా చెరిపివేస్తుంది.

పోతన దశమస్కంధం చివరి భాగంలో ఈ చర్చకు ఇంతకన్నా దగ్గరైన ఘట్టం ఉంది. ద్వారకలో ఒక విప్రుని బిడ్డలు పుట్టగానే మరణిస్తుంటారు. కాపాడుతానని, లేకుంటే అగ్నిలో దూకుతానని అర్జునుడు ప్రతిన పట్టి పురిటింటికి బాణాల పంజరం కడతాడు. ఈసారి బిడ్డ దేహంతో సహా మాయమవుతుంది. అంతకుముందు శవమైనా మిగిలేది; ఇప్పుడు ఆనవాలు కూడా లేదు. అర్జునుడు యమలోకంతో సహా అన్ని లోకాలూ వెతికి విఫలుడయ్యాక కృష్ణుడతన్ని రథమెక్కించి పడమరకు తీసుకుపోతాడు. సప్తద్వీపాలు, సప్తసముద్రాలు, లోకాలోక పర్వతం దాటాక గుర్రాలు దారి తప్పేంత చీకటి. సుదర్శనం ముందు నడిచి దాన్ని చీలుస్తుంది. ఆవలి వెలుగుకు అర్జునుడు కళ్లు మూసుకొంటాడు. చివరకు బిడ్డలందరూ తండ్రికి దక్కుతారు, వారి వారి రూపాలతో, వయసులతో.

హాకింగ్‌ను మూడు దశాబ్దాలు వేధించిన ప్రశ్నకు పోలిక వెతకవలసింది ఇక్కడ. చీకటిలో పడినది పూర్తిగా నశించిందా, లేక ఎక్కడో చెక్కుచెదరక ఉందా? శాస్త్రంలో అది సమాచార నిత్యత్వ సమస్య; పోతనలో అది బిడ్డలను పోగొట్టుకొన్న తండ్రి శోకం. రెండింటినీ ఒకటనడానికి వీల్లేదు. శాస్త్రం పడిన వస్తువు ఏ రూపంలో మిగిలినా లెక్క సరిపోతే చాలునంటుంది. తండ్రికి ఆ రూపమే, ఆ వయసే కావాలి. దాటే క్షణాన కళ్లు మూసుకోవడం ఋక్షబిల ఘట్టంలోనూ ఇక్కడా ఉండడం కూడా గమనించదగ్గది. అక్కడ నిష్క్రమణకు, ఇక్కడ ప్రవేశానికి. రెండుచోట్లా ఆ క్షణానికి ప్రత్యక్షసాక్షి చూపు మూసుకుపోయింది. ఆ దాటడాన్ని అతని కంటితో వర్ణించే అవకాశం కథ ఉంచుకోలేదు.

ఇక బ్రహ్మాండానికే రంధ్రం పడిన ప్రసిద్ధ ఘట్టం భాగవత పంచమస్కంధంలో ఉంది. తెలుగులో ఆ స్కంధం గంగన రచన. త్రివిక్రముని ఎడమకాలి బొటనవేలి గోరు తాకి అండకటాహం చిట్లింది. ఆ కంత గుండా ఎవరూ బయటికి పోలేదు. బయటి జలం లోపలికి వచ్చింది. విష్ణుపాదం కడిగి, ధ్రువమండలం మీదుగా మేరువుకు దిగి, నేలకు చేరిన ఆ నీరే గంగ. భౌతికశాస్త్ర పరిభాషలో దీనికి దగ్గరగా వచ్చేది కృష్ణబిలం కాదు, శ్వేతబిలం: లోపలికి పోవడానికి వీల్లేనిది, వెలువరించేది మాత్రమే. దాన్ని కూడా ఇంతవరకు ఎవరూ చూడలేదు. పురాణం లెక్కన కాశి మీదుగా పారుతున్నది బ్రహ్మాండం వెలుపలి నీరు. ఓరుగల్లులో ఊటకు కాశి పేరు పెట్టినవారు కాశికి పోయే దారి అనలేదు. అక్కడి నీరు ఇక్కడ ఉబికిందన్నారు.